ఇన్సూరెన్సు ఉన్న కుక్క

మా కుక్కకు బీమా చేయడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చిన ఏజెంటు కుర్చీలో కూర్చుంటూనే సంచీలోంచి చెవికి బిళ్ల వేసే పట్టకారు బయటకు తీశాడు. ఎదురుగా తోక ఊపుతున్న జీవిని చూసి నాలుక కరుచుకుని, దాన్ని మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

“ఆదతైపోయింది సారూ, ఏమనుకోకున్రి. పొద్దుగాల్నుంచి అన్నీ బర్రెలే.”

తొంభైల చివర మాట ఇది. మేడ్చల్‌లో పాడి ఉన్న ఇళ్లన్నిటికీ ఆయన తెలిసినవాడు. బర్రెకు బీమా చేస్తే చెవికి బిళ్ల పడుతుంది. బర్రె చనిపోతే బిళ్లతో సహా ఆ చెవిని కోసి కంపెనీకి చూపించాలి. ఈ సంగతి మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. కుక్కకు మాత్రం బిళ్ల అక్కర్లేదు. రెండు పక్కల నుంచీ తీసిన ఫొటోలు, వేయించిన టీకాల వివరాలు, పశువుల డాక్టరు ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ ఉంటే చాలు. ఏజెంటు నాకు అదంతా వివరిస్తుండగా, ఎదురింటి అవ్వ మా ప్రహరీ గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది.

“ఏంది సారూ, కుక్క చెవులు గోస్తున్రా?”

“లేదవ్వా, ఇన్సూరెన్సు జేపిస్తున్న.”

“కుక్కకా? పాలిస్తదా అది?”

“ఇయ్యదు.”

“బండి గుంజుతదా?”

“గుంజదు.”

“మరి సస్తే నీకు పైసలెందుకిస్తరు?”

నేను, ఏజెంటు నవ్వేశాం. అవ్వ నవ్వలేదు. బర్రెల కొట్టం వైపు వెళ్లిపోతూ ఇంకొకసారి వెనక్కి తిరిగి కుక్కను చూసింది. ఆ ప్రశ్నకు అప్పుడే సరైన జవాబు చెప్పి ఉంటే తర్వాత జరిగినదాంట్లో సగం జరిగేది కాదు.

నేను రైల్వేలో పార్సిల్ గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. కాంటా ఎక్కని మూటను, చీటీ అంటించని పెట్టెను నా చేతుల మీదుగా బండెక్కనివ్వలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. ఆ రోజు వాన పడిందా, ఇంటికి ఎవరు వచ్చారు, ఏం వండారు, ఇంతే రాస్తాను. పదవీ విరమణ సభ అయిపోయాక, బొల్లారంలో ఉండే నా సహోద్యోగి ఒకాయన తన ఇంట్లో పుట్టిన ల్యాబ్రడార్ పిల్లను తువ్వాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నాకు వచ్చిన శాలువాలు ఏమయ్యాయో తెలియదు గానీ, ఆ తువ్వాలు చాలాకాలం మా ఇంట్లో ఉంది.

ఆ రోజుల్లో శామీర్‌పేట వైపు కొత్తగా లేస్తున్న ఫాంహౌసుల్లో ఎక్కడ చూసినా ల్యాబ్రడార్లే. మెత్తని స్వభావం. పిల్లలతో కలిసిపోతుంది, కొత్తవాళ్లు వస్తే చెప్పు తెచ్చి ఇస్తుంది. అయితే పెంచడం మాత్రం తేలిక కాదు. వేలాడే చెవులు కాబట్టి స్నానం చేయించిన ప్రతిసారీ లోపల తడి లేకుండా దూదితో తుడవాలి. రోజూ దువ్వకపోతే ఇల్లంతా బొచ్చే. ఎండాకాలంలో కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టాలి. పురుగుల మందు, టీకాలు వేళ తప్పకూడదు. ఈ పనులన్నీ నేనే చేశాను. మావాడి చెవి నుంచి ఒక్కరోజు కూడా వాసన రాలేదని ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

బీమా చేయించడానికి కారణం కూడా ఈ క్రమమే. ఏటా పాలసీ కొనసాగాలంటే డాక్టరు చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసమైనా ఏడాదికి ఒకసారి తల నుంచి తోక దాకా పరీక్ష జరుగుతుంది. నేను బద్ధకించినా పాలసీ గడువు బద్ధకించదు. ఇది నా ఆలోచన.

మా ఆవిడ ఆలోచన వేరు. “స్కూటర్‌కు జేపిచ్చినవ్, ఇంటికి జేపిచ్చినవ్, కుక్కకు జేపిచ్చినవ్. ఇగ నా వంతు ఎప్పుడొస్తదో సూస్త” అనేది.

వాడికి ఒక పేరు పెట్టాం గానీ వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ సారు కుక్కే. అందరి కుక్క కూడా. మా వైపు గడప దగ్గరికి వచ్చిన ప్రాణిని ఊరికే పంపరు. మనిషికి చాయ్, కుక్కకు రొట్టె. ఎవరింట్లో దావత్ జరిగినా మాంసంలోని బొక్కలు విడిగా ఒక గిన్నెలో తీసి మా గోడ దాటించేవాళ్లు. సందు చివర చర్చి పాస్టరు గారి భార్య క్రిస్మస్ కేకులో మొదటి ముక్క వాడికే పెట్టానని చెబుతూ మాకు రెండో ముక్క ఇచ్చేది. ఎదురింటి అవ్వ పెట్టే మజ్జిగలో నానిన జొన్నరొట్టె సరేసరి. వాడు ఏ ఇంట్లోనూ వద్దనలేదు. ల్యాబ్రడార్‌కు కడుపు నిండడమనేది తెలియదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

శామీర్‌పేట చెరువు నిండినప్పుడల్లా వాడిని స్కూటర్ ముందు నిలబెట్టుకుని ఈతకు తీసుకెళ్లేవాణ్ని. నీళ్లు కనబడగానే వాడికి నేను గుర్తుండను. అలా కొన్నేళ్లు గడిచాక ఒక ఏడు వాడు స్కూటర్ ముందు పట్టలేదు. ఆటోలో తీసుకెళ్లాను. ఈదాడు గానీ ఒడ్డు ఎక్కలేకపోయాడు. వెనక కాళ్లు జారిపోతూ, నా వైపు చూస్తూ, అక్కడే ఆగిపోయాడు. చేపలు పట్టేవాళ్లు ఇద్దరు వచ్చి చెరొక పక్క పట్టుకుని పైకి లాగారు. “బర్రె పిల్ల లెక్కున్నది సారూ” అన్నాడు వాళ్లలో ఒకడు. నేను నవ్వలేదు.

ఆ ఏడాది సర్టిఫికెట్ కోసం మేడ్చల్ పశువుల దవాఖానకు వెళితే డాక్టరమ్మ కలం మూత తీయలేదు.

“ఆరోగ్యంగా ఉన్నాడని రాస్తే అబద్ధం రాసినట్టయితది సార్. ఈ వెనక కాళ్లు ఇంత బరువు మోయలేవు. ఇట్లనే ఉంటే వచ్చే ఎండాకాలానికి వీడు లేవడు.”

“రెన్యువల్‌కు ఇంక రెండు నెలలున్నదమ్మా.”

“అయితే రెండు నెలలున్నది. బరువు దింపుకొని రండి.”

పాలసీ ఒకసారి ఆగిందంటే వాడి వయసుకు మళ్లీ కొత్తగా ఇవ్వరని ఏజెంటు ముందే చెప్పి ఉన్నాడు. కానీ దవాఖాన నుంచి ఇంటికి వస్తున్నంతసేపూ నా చెవుల్లో ఉన్నది పాలసీ మాట కాదు. లేవడు అన్న మాట.

మరునాటి నుంచి పద్ధతి మార్చాను. అన్నానికి ఒక స్టీలు గ్లాసు కొలత. ఉడికించిన సొరకాయ, క్యారెట్, తోలు తీసిన కోడిమాంసం కొంచెం. ఉప్పు లేదు, నూనె లేదు. వీధిలో ఇంటింటికీ వెళ్లి, దయచేసి ఏమీ పెట్టొద్దని చేతులు జోడించి చెప్పి వచ్చాను. అందరూ సరేనన్నారు. సరేనంటున్నప్పుడు కొందరు నా కళ్లలోకి చూడలేదు. అది అప్పుడు గమనించలేదు.

మా ఆవిడ మాత్రం, “పార్సిల్ ఆఫీసు ఇడిచిపెట్టినవనుకున్న. వంటింట్లకే తెచ్చినవ్ గదా” అంది.

వారానికొకసారి బజార్లో ధాన్యం కొట్టు కాంటా మీద వాణ్ని నిలబెట్టేవాణ్ని. మొదటిరోజు నలభై ఆరు కిలోలు తూగాడు. కొట్టు సేటు, హమాలీలు, పక్క కిరాణా కొట్టు మనుషులు అంతా చుట్టూ చేరారు.

“కిలో ఎంత జెప్తున్రు సారూ?”

“బొక్కలతోనా, బొక్కల్లేకుంటనా?”

వాడు మాత్రం ప్రతి పరిహాసానికీ తోక ఊపి ఒప్పుకున్నాడు.

మొదటి వారం కాస్త తగ్గాడు. రెండో వారం తగ్గలేదు. మూడో వారం పెరిగాడు. కాంటా చెడిందేమోనని నేనే ఎక్కి నిలబడ్డాను. నా బరువు సరిగ్గానే ఉంది, ఇంకా చెప్పాలంటే బెంగతో కొంచెం తగ్గింది. దిగుతుంటే సేటు మెల్లగా అడిగాడు.

“కుక్కకు ఇన్సూరెన్సున్నదట గదా సారూ. పోతే ఎంతొస్తది?”

అడిగిన మాటలో తప్పేమీ లేదు. అడిగిన తీరులో ఉంది. హమాలీలు బస్తాలు సర్దుతున్నట్టు నటిస్తూ వింటున్నారు.

ఆ మధ్యాహ్నం వాడు వరండాలో పడుకునే చోట కనబడలేదు. ఎదురింటి కొట్టంలోంచి నాకు తెలిసిన తోక చప్పుడు వినిపించింది. గోడకు తగిలి టపటపమనే చప్పుడు. వెళ్లి చూస్తే వాడు బర్రెల మధ్య కూర్చుని ఉన్నాడు. ముందు పెద్ద సత్తు గిన్నె. మజ్జిగలో నానిన రొట్టె, మీద బగారన్నం. అవ్వ పక్కనే కూర్చుని వీపు నిమురుతోంది. పాస్టరు గారి భార్య చేతిలో మూతపెట్టిన మరో గిన్నె పట్టుకుని తన వంతు కోసం నిలబడి ఉంది. నన్ను చూసి ఆవిడ కొంగు సర్దుకుంది. అవ్వ కదల్లేదు.

“ఏం జేస్తున్నవవ్వా?”

“పానం నిలవెడ్తున్న. నువ్వు తీస్తున్నవ్ గదా, నేను నిలవెడ్తున్న.”

“నేను తీసుడేంది?”

“నాకెర్క లేదా సారూ? ముసల్దైన బర్రెకు చెవులకు బిళ్ల ఏపిచ్చి, గడువు దగ్గరవడంగనే గడ్డి బందు, దాణా బందు వెట్టినోళ్లను నా కండ్లతోని సూసిన. గీ కుక్కకు గూడ వయసైంది, బీమా ఉన్నది, గడువు దగ్గరవడ్డది. నువ్వు తిండి తగ్గిచ్చినవ్. కాంటా మీద పెట్టి ఎంత ఎండిందని సూస్తున్నవ్. పెద్దమనిషివి, పింఛనొస్తది. గీ మూగదాని పైసలెందుకయ్యా నీకు?”

పాస్టరు గారి భార్య నెమ్మదిగా అంది. “మేమైతే ప్రార్థన కూడా చేస్తున్నాం సార్, మీ మనసు మారాలని.”

జీవితమంతా ఎవరి మూటలోంచీ గింజ రాలనివ్వని మనిషిని. పస్తులు పెట్టి చంపితే కంపెనీ పైసా ఇవ్వదని చెప్పబోయాను. ఆ నియమం పాలసీ కాగితంలో ఎక్కడుందో కూడా నాకు తెలుసు. “బర్రెలకు గూడ గట్లనే అంటరు” అని అవ్వ కొట్టిపారేసింది. కుక్కను లేపుకుని ఇంటికి వచ్చాను. లేవడానికి వాడు ముందు రెండు కాళ్లూ ఊని, వెనక భాగాన్ని లాగుకున్నాడు.

సంగతి చెబితే మా ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“నాకెర్కే. నల్లా కాడ నన్నడిగిన్రు, సారుకు పైసలకు ఏమన్న పరేషానా అని.”

“మరి నువ్వేమన్నవ్?”

“గావచ్చు అన్న.”

“గావచ్చు అన్నవా!”

“ఇరవై దినాల సంది నాకు గూడ ఉప్పులేని సొరకాయే పెడ్తున్నవ్. ఇంకేమంటరు?” అని నవ్వింది. నవ్వాక ఆమే నెమ్మదిగా అంది. “ఆ ముసలామెకు నీ మీద పగ లేదయ్య. కుక్క మీద పానం. పోయి మంచిగ మాట్లాడు.”

నా ఇజ్జత్ సంగతి పక్కన పెడితే, ఆ సత్తు గిన్నె ఆగకపోతే వాడు లేవడు. అది ఆపగలిగేది అవ్వ ఒక్కతే. తెల్లారి ఆమె పాలు పితుకుతుండగా కొట్టం దగ్గరికి వెళ్లాను.

“అవ్వా, నేను పాలసీ బందు పెడ్త. నువ్వు గిన్నె బందు పెట్టు.”

పాలధార ఆగింది. “బందు పెడితే పైసలు రావు గదా?”

“రావు.”

“మల్ల ఎప్పుడన్న జేపియ్యొచ్చా?”

“వాని వయసుకు ఇగ ఇయ్యరు.”

“పాలసీ లేకున్న తిండి తగ్గిస్తవా?”

“తగ్గిస్త.”

అవ్వ నా ముఖంలోకి చూసింది. ఆ చూపు బర్రెను కొనేముందు పళ్లు చూసే మనిషి చూపు. “అయితే పైసల కోసం గాదా?” అని తనలో తను అనుకుంది. కొంచెంసేపు మళ్లీ పాలు పితికి, చెంబు పక్కన పెట్టి లేచింది. “గా డాక్టరమ్మ ఏమన్నదో నా చెవులతోని ఇంట. తీస్కపో.”

ఆటోలో ముగ్గురం వెళ్లాం, నేను, అవ్వ, మా ఇద్దరి మధ్య వాడు. దవాఖానలో అవ్వ నేరుగా అడిగింది. “గీన్ని ఎండవెట్టుమని నువ్వే జెప్పినవా అమ్మా?”

డాక్టరమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని కుక్క పక్కల మీద పెట్టింది. “పక్కటెముకలు దొరుకుతున్నయా చూడు.”

అవ్వ వెతికింది. జీవితమంతా బర్రెల ఒళ్లు నిమిరిన చెయ్యి అది. పక్క నుంచి నడుం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. “యాడున్నయమ్మా? పరుపు లెక్కున్నది.”

“దొరికేదాకా తగ్గాలె. ఇప్పుడు వాని కాళ్లు చూడు.”

డాక్టరమ్మ పిలిస్తే వాడు లేచాడు. వెనక కాళ్లు వణికాయి. ఒక్క క్షణం నిలబడి, మళ్లీ కూర్చుండిపోయాడు. అవ్వ వాడి పక్కనే చతికిలబడింది.

“అయితే నేను సంపుతున్ననా?”

“నువ్వొక్కదానివే గాదవ్వా. వీధంత గలిసి” అంది డాక్టరమ్మ.

తిరిగి వస్తున్నంతసేపూ అవ్వ వాడి పక్కల మీద నుంచి చెయ్యి తీయలేదు. ఇంటి ముందు ఆటో దిగాక, “పాలసీ బందు పెట్టకు సారూ. రెండు నెలల్ల ఇంక ఎన్ని దినాలున్నయో జెప్పు” అంది.

మరునాడు నల్లా దగ్గర ఆమె గొంతు మా వంటింట్లోకి వినిపించింది. “సారు కుక్కకు ఎవ్వలన్న ఒక్క మెతుకేసిన్రంటే ఇగ నా తోని ముచ్చట! పాస్టరమ్మా, నీక్కూడ జెప్తున్న!” ఆ రోజు నుంచి ఏ దావత్ గిన్నె మా గోడ దాటలేదు. పాస్టరు గారి భార్య చర్చి ఆవరణలో పండిన క్యారెట్లు తెచ్చి, ముందు అవ్వకు చూపించి, తర్వాత మాకు ఇచ్చింది. నా స్టీలు గ్లాసు కొలతను కూడా అవ్వ రోజూ వచ్చి చూసేది. ఒకరోజు గ్లాసు మీద అన్నం గోపురంలా ఉందని సగం తీయించింది.

అంతకంటే పెద్ద మార్పు ఆమే తెచ్చింది. పొద్దున బర్రెలను గుండ్లపోచంపల్లి వైపు బీళ్లకు తోలుకుపోతూ వాణ్ని కూడా పిలిచేది. నేను తాడు పట్టుకుని స్టేషన్ దాకా నడిపిస్తే సగం దూరంలో కూర్చుండిపోయేవాడు. బర్రెల వెంట మాత్రం కూర్చోలేదు. వాటి నడక నిదానం. ఆగి ఆగి వెళ్తాయి. వాడి కాళ్లకు అది సరిపోయింది. అవి కుంటలో దిగితే వాడూ దిగేవాడు. నీళ్లలో బరువు తెలియకుండా కాళ్లు ఆడతాయి కాబట్టి అదే మంచి వైద్యమని డాక్టరమ్మ అంది. సాయంత్రం నేను తువ్వాలు, దూది పట్టుకుని గేటు దగ్గర చెవులు తుడవడానికి సిద్ధంగా ఉండేవాణ్ని.

కాంటా దగ్గర మాటలు కూడా మారాయి. ముల్లు కిందికి దిగిన ప్రతివారం హమాలీలు అరిచేవాళ్లు. సేటు ఒకరోజు, “సారూ, నన్ను గూడ అవ్వ బర్రెల ఎంబడి తోలున్రి” అన్నాడు.

గడువు ముగియకముందే డాక్టరమ్మ కలం మూత తీసింది. సంతకం పెట్టేముందు అవ్వను పిలిచి, “నువ్వు చూసి చెప్పు” అంది. అవ్వ పక్కల మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్క ఎముకనూ వేలితో తడిమి, “ఉన్నయి” అంది. ఎముకలు దొరికినందుకు ఒక మనిషి అంత సంతోషపడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఏజెంటు కాగితాలు తీసుకోవడానికి వచ్చిన రోజు అవ్వ గోడ మీద మోచేతులు ఆనించి, “ఈసారన్న బిళ్ల ఏస్తవా?” అని వెక్కిరించింది.

ఆ పాలసీ మీద మేము ఒక్కసారి కూడా డబ్బు అడగలేదు. ఇంత వయసు దాటాక ఇక పొడిగించలేమని కంపెనీ చెప్పిన తర్వాత కూడా వాడు మా వీధిలో చాలాకాలం నడిచాడు. కంపెనీ లెక్కను దాటి బతికిన కుక్క మాది.

డాక్టరమ్మ ఆ సంతకం పెట్టిన మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. శామీర్‌పేట చెరువు నిండిందని తెలిసి ఆటో మాట్లాడాను. మా ఆవిడతో పాటు అవ్వ కూడా ఎక్కింది. ఆమె బర్రెలను వదిలి షికారుకు రావడం అదే మొదటిసారి. ఒడ్డున తాడు విప్పగానే వాడు నీళ్లలోకి దూకాడు. కర్ర విసిరాను. ఈది వెళ్లి, నోట కరుచుకుని తిరిగి వచ్చి, అంతకుముందు జారిపోయిన ఒడ్డు దగ్గరే ఆగాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది.

వాడు ముందు కాళ్లు ఊనాడు. వెనక కాళ్లు ఒకసారి జారాయి. మళ్లీ ఊనాడు. ఎక్కేశాడు. నేరుగా అవ్వ దగ్గరికి వచ్చి ఒళ్లంతా విదిలించి ఆమె చీరను తడిపేశాడు. అవ్వ తిట్టింది. తిడుతూనే కొంగుతో వాడి చెవులు తుడిచింది.

పక్కనే ఫాంహౌసు నుంచి వచ్చిన దంపతులు తమ ల్యాబ్రడార్‌తో నిలబడి ఉన్నారు. అది వాడికంటే చిన్నది, ఒళ్లు మాత్రం వాడి పాత ఒళ్లే. నీళ్ల దగ్గరికి వచ్చే ఓపిక లేక నాలుక బయటపెట్టి కూర్చుంది. ఆ భార్య మా అవ్వను అడిగింది.

“ఈ వయసులో ఇంత చురుగ్గా ఉన్నాడే! ఏం పెడతారమ్మా?”

“ఏం వెట్టం” అంది అవ్వ.

ఆవిడకు అర్థం కాక నా వైపు చూసింది. అవ్వ నాకు నోరు తెరిచే అవకాశం ఇవ్వలేదు. తడి కొంగు దులుపుకుని, తల ఎత్తి చెప్పింది.

“మాది ఇన్సూరెన్సున్న కుక్క.”